అరుగుమీది ఆటలు

ఒక జాతి చరిత్రమును వ్రాయబూనినవారు ఆ జాతి ఎవరితో యుద్ధము చేసెనో, ఏ రాజునకు కప్పము కట్టెనో, ఏ దేవునికి గుడి యెత్తించెనో శ్రద్ధతో పరిశోధించి వ్రాయుదురు గాని, ఆ జాతిలోని సామాన్యజనులు పని ముగించి, కాళ్లు కడుగుకొని, యింటిముందర కూర్చున్న వేళ ఎవరితో కలిసి నవ్విరి, ఏ ఆటలో తమ అలసటను మఱచిరి అను విషయమును చాలకాలమువఱకు చరిత్రకు తగిన వస్తువుగా నెంచలేదు. శాసనములు దానధర్మములను చెప్పును. కైఫీయతులు గ్రామముల పుట్టుకను చెప్పును. కావ్యములు నాయికానాయకుల విరహమును చెప్పును. నడుమ నడుమ ఒక పద్యములోనో, ఒక సామెతలోనో తళుక్కున మెఱసి మాయమగు తీరికవేళల ముచ్చటలను ఏఱి కూర్చుటకు వేఱొక దృష్టి కావలెను. అట్టి దృష్టి గలవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి నైజాము రాష్ట్రమందలి తెలుగువారి గొంతుకకు బలమిచ్చిన ఆ మహాశయుడు, 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజవంశావళులను ప్రక్కకు నెట్టి, ప్రజల కట్టుబొట్టులను, తిండితీరులను, పండుగలను, జూదములను, పిల్లల ఆటపాటలను ముందునకు తెచ్చి, వానికి కావ్యములనుండియే సాక్ష్యములను చూపెను. 1953లో ఆయన కీర్తిశేషుడయ్యెను. 1955లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. తెలుగునకు వచ్చిన మొదటి పురస్కార మదియే. గవ్వలకును, పాచికలకును, పులిజూదపు గీతలకును చరిత్రగ్రంథములో గౌరవస్థానము నిచ్చిన ఘనత ఆయనకు దక్కినది.

ఆయన వేసిన బాటలోనే కొన్ని అడుగులు నడిచి, తెలుగునాట అరుగులమీదను, గుడిమంటపములలోను, రచ్చచెట్టు క్రిందను సాగిన ఆటల పూర్వవృత్తాంతమును తడవి చూచినయెడల ఒక సత్యము స్పష్టముగా గోచరించును. ఈ ఆటలు నలుగురి సొత్తై, చూచువారికిని ఆడువారితో సమానమైన పాలు నిచ్చినంతకాలము అవి బ్రదికెను. పందెపు సొమ్ము చేతనో, మూసిన తలుపుల చేతనో నలుగురికిని దూరమైనప్పుడు చెడెను. నేను చెప్పబూనిన దంతయు దీని విస్తరణమే.

మొదట అరుగును గూర్చి చెప్పవలెను. వీధిగుమ్మమున కిరుప్రక్కల, ఇంటిగోడ నానుకొని, నడుమెత్తున కట్టిన ఆ తిన్నె ఇంటిది యెంతయో వీధిదియు నంతయే. దానిపై పైకప్పు ఇంటివాడు వేయించినదే యైనను, దాని నీడ దారినిపోవు బాటసారికిని చెల్లును. ఉదయమున అయ్యవారు పిల్లలకు ఇసుకలో అక్షరములు దిద్దించు బడి యదియే. అందుచేతనే ఆంగ్లేయులు చెన్నరాజధానిలోని మన వీధిబడులకు అరుగుబడులని పేరు పెట్టి తమ నివేదికలలో వ్రాసికొనిరి. మధ్యాహ్నము భోజనములైన పిమ్మట అదే అరుగు ఆటపట్టగును. సాయంకాలము కరణముగారి లెక్కల ముచ్చటలకును, రాత్రి పురాణకాలక్షేపమునకును అదియే వేదిక. రాయలసీమలో నాపరాయి పఱచిన అరుగులమీద పులిజూదపు గీతలు ఉలితో చెక్కించుకొనిన యిండ్లు కలవు. గృహస్థు తన ఇంటిముంగిట రాతిలో ఆటపటమును చెక్కించెననగా, దారిని పోవువారిని రమ్మని కూర్చుండబెట్టు పిలుపును శాశ్వతముగా వ్రాయించెనన్నమాట. ఏ కులమువాడు ఏ అరుగెక్కవచ్చునను కట్టుబాట్లు ఆనాడు కఠినముగా నుండెననుటయు నిజమే. ఆ లోపమును కప్పిపుచ్చుట చరిత్రకు ద్రోహము. అయినను రచ్చచెట్టు క్రింద నేలమీద బొగ్గుతో గీసిన పటము చుట్టు చేరుటకు అరుగుమీదికన్న అడ్డంకులు తక్కువ. పలుపల్లెలలో పేదసాదల ఆట లన్నియు అక్కడనే సాగినవి.

ఆటల చరిత్రలో మిక్కిలి ప్రాచీనమైన అధ్యాయము జూదముది. అది దుఃఖముతో ప్రారంభమగుచున్నది. ఋగ్వేదము పదవ మండలమందలి ముప్పదినాలుగవ సూక్తము జూదరి యొక్క పరితాపము. తాండ్రకాయలతో ఆడిన ఆనాటి జూదములో సర్వమును పోగొట్టుకొని, ఆలిచేతను అత్తచేతను ఛీకొట్టబడిన వాని ఆక్రందన మందు వినవచ్చును. భారతకథ యంతయు ఒక పాచికలాటపైనే తిరిగినది. నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువులో సభాపర్వమును తెనిగించిన నాటినుండి, అనగా పదునొకండవ శతాబ్దినుండి, శకుని పాచికలు తెలుగువారి నిత్యవ్యవహారములోనికి వచ్చి చేరినవి. తిక్కన విరాటపర్వములో ధర్మరాజు కంకుభట్టను పేర జూదము తెలిసిన సభ్యుడై విరాటుని కొలువులో చేరును. విజయము బృహన్నలదేనని సత్యమును పలికినందులకు కోపించిన విరాటుడు చేతిలోని పాచికను విసరి వాని ముఖమున గొట్టుటయు, ఒలికిన నెత్తురు నేలపై పడకుండ ద్రౌపది పట్టుటయు చదువరులెఱిగినదే. ఒకే పాచిక ఒక కొలువులో రాజ్యమును మ్రింగెను, మఱియొక కొలువులో అజ్ఞాతవాసమునకు ఆశ్రయమిచ్చెను. మన పూర్వులు జూదమునందలి విషమును ఎన్నడును దాచలేదు. ఆటలోని ఆనందమును మాత్రము వదలుకొనలేదు.

కాకతీయుల ఓరుగల్లు వీధులలో వినోదములెట్లుండెనో చూడగోరువారికి ‘క్రీడాభిరామము’ను మించిన అద్దము లేదు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు తెలుగుసేతగా వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఈ వీథినాటకమును శ్రీనాథుని కృతియనువారును కలరు. కర్తృత్వమెవరిదైనను, గోవిందమంచనశర్మయు టిట్టిభసెట్టియు ఒక దినమంతయు ఆ మహానగరమున తిరుగుచు చూచిన కోడిపందెములు, పొట్టేళ్ల పోట్లాటలు, పాములవారి ఆటలు, పల్నాటి వీరగాథల గానములు మన కన్నులయెదుట నిలుచును. అందులోని వేడుక లన్నియు వీధిలో జరిగినవి. ఆ ఇరువురు మిత్రులును చూచువారేగాని ఆడువారు కారు. అయినను ఆ వేడుకలలో వారి పాలు తక్కువ కాలేదు. అటువంటి ప్రేక్షకుడు లేకున్నచో కోడిపందె మొక జంతుహింసగా మాత్రమే మిగులును.

పందెమునకు ఎంతటి మూల్యము చెల్లింపవలసివచ్చునో చెప్పుటకు పల్నాటి కథ చాలును. నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయునికిని జరిగిన కోడిపోరులో ఓడిన మాచెర్లవారు ఏడేండ్లు వలసపోవలసివచ్చుటయు, తుదకు కార్యమపూడి రణరంగమున ఇరుపక్షముల వీరులును నేలగూలుటయు పండ్రెండవ శతాబ్దపు వృత్తాంతముగా వీరగాథలు కీర్తించుచున్నవి. అదే కథలో మఱియొక ఆట కలదు. బాలచంద్రుడు తోటిబాలురతో వీధిలో బొంగరములాడుచుండగా, ఆ బొంగరము తగిలి బాధపడిన యొక వనిత, నీ పౌరుషమును యుద్ధభూమిలో చూపరాదా యని పలికిన మాటయే ఆ బాలుని సమరమునకు నడిపించినది. పెద్దల కోడిపందెము యుద్ధమునకు బీజమాయెను. పిల్లల బొంగరము ఆ యుద్ధమునకు ఒక వీరుని పంపెను. గాథాకర్తకు ఆట లోకవృత్తమునుండి వేఱైనది కాదు.

విజయనగరమునకు వచ్చినప్పుడు దృశ్యము మాఱును. 1520 ప్రాంతమున ఆ నగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేయస్, కృష్ణదేవరాయలు తెలతెలవాఱకమునుపే లేచి, నువ్వులనూనె త్రాగి, ఒడలికి నూనె మర్దించుకొని, బరువులెత్తి, కత్తి సాము చేసి, తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టి, పిమ్మట గుఱ్ఱమునెక్కి దౌడు తీయించెడివాడని వ్రాసియున్నాడు. అదే రాయలతో చదరంగమాడి గెలుచువాడని బొడ్డుచెర్ల తిమ్మన కొక చాటువు కీర్తి తెచ్చిపెట్టినది. చక్రవర్తిని కవి ఓడించెననియు, ఆ ఓటమిని లోకము చెప్పుకొనుటకు చక్రవర్తి అభ్యంతరపెట్టలేదనియు జనులు ముచ్చటగా చెప్పుకొనుటలో, పటము ముందర కూర్చున్నవారిలో పెద్ద చిన్న లేదను తెలుగువాని నమ్మకము తొంగిచూచుచున్నది.

రాజులు దంతపు కాయలతో ఆడియుందురు. హంపీ ఆలయముల మంటపములలో నేలపఱచిన బండలపై చెక్కియున్న ఆటపటములు మాత్రము సామాన్యులవి. శిల్పులు విశ్రాంతివేళ చెక్కిరో, కావలివారు పొద్దుపోక చెక్కిరో, యాత్రికులు చెక్కిరో, ఏ శాసనమును చెప్పదు. విఠలాలయపు రాతిరథమును చూడబోయినవారు కాలిక్రిందనున్న ఆ గీతలను గమనింపక త్రొక్కి పోవుదురు. దక్షిణదేశమున అట్టి గీతలున్న మంటపములు పెక్కులు. దేవుని సన్నిధిలో ఆట ఆడుటకు మన పూర్వులకు సంకోచము లేదు. వారి తీరికకు గుడియే గొప్ప ఆశ్రయము.

ఆ గీతలలో మిక్కిలి తఱచుగా కనుపించునది పులిజూదము. దీనినే పులి-మేక యందురు. దీనిని కొంచెము నిదానించి చూడవలెను. ఏలయనగా తెలుగుపల్లె బుద్ధికుశలత యంతయు ఆ కొలది గీతలలో ఇమిడియున్నది. పైన ఒక శిఖరబిందువు. అందుండి నాలుగు గీతలు విసనకఱ్ఱవలె విచ్చుకొని క్రిందికి దిగును. వానిని కోయుచు మూడు అడ్డగీతలు, వెలుపలి గీతలను దాటి ఇరుప్రక్కల కొంచెము ముందునకు సాగి, ఆ కొనలయందు నిలువుగీతలచే కలుపబడును. అడుగున ఒక గీత. శిఖరము ఒకటి, అడ్డగీత కాఱు చొప్పున పదునెనిమిది, అడుగున నాలుగు, వెరసి 23 స్థానములు. పులులు మూడు, మేకలు పదునైదు. పులులుగా మూడు పెద్దరాళ్లు, మేకలుగా పదునైదు చింతపిక్కలు చాలును. పులులు ముందుగా పటముపై నిలుచును. మేకలను ఒక్కొక్కటిగా దింపవలెను, నడుమ పులి కదలుచునే యుండును. తన ప్రక్కనున్న మేకకు సూటిగా ఆవలిస్థానము ఖాళీగా నున్నచో పులి దానిమీదుగా దుమికి ఆ మేకను తినును. మేకలన్నియు దిగువఱకు దిగిన మేక కదలరాదు. మూడు పులులకును కదలుటకు చోటు లేకుండ కట్టివేయగలిగిననాడు మేకల గెలుపు.

రెండుపక్షముల బలము సమానము కాకుండుట ఈ ఆటలోని విశేషము. చదరంగములో రెండువైపుల ఒకే సేన. ఇచ్చట ఒకరికి కోఱలు, మఱియొకరికి సంఖ్య. ఒంటరి మేక ఆహారము. వెనుక మఱియొక మేక నిలిచిన మేక దుర్గము. మందకు విడిపోకుండుటయే ఆయుధము. పన్ను వసూలునకు వచ్చు అధికారి ముందరను, వడ్డీవ్యాపారి ముందరను, అడవి మృగము ముందరను నిలువవలసిన పల్లెవాసికి ఈ ఆటలోని నీతి ఎవరును వివరింపనక్కఱలేదు. ఇద్దఱు ఆడుచుండగా చుట్టును చేరిన పదిమందియు మేకల పక్షమునే సలహాలు చెప్పుట సహజము. అది తప్పుగా నెవరును భావింపరు. నోరు మూసుకొని చూడవలెనను నియమము అరుగుమీది ఆటకు లేదు. ఆడువాడు చేయి చాపకముందే వెనుకనుండి ‘అక్కడ పెట్టకురా, పులి నోట్లో పెట్టినట్టే!’ అను కేక వినబడును. ఆ కేక లేకున్నచో ఆట చప్పబడును.

దాడి యనునది మఱియొక రాతిగీతల ఆట. ఒకదానిలో నొకటిగా మూడు చతురస్రములు గీసి, నాలుగుప్రక్కల నడిమిబిందువులను కలిపినచో 24 స్థానములేర్పడును. ఇరువురును చెఱి తొమ్మిదేసి కాయలతో ఆడి, మూడుకాయలను వరుసగా నిలిపి దాడి కట్టినవారు ఎదుటివారి కాయ నొకదానిని తీసివేయుదురు. పశువులను కాచు బాలురు బండలమీద నాకుల కాడలతోను గులకరాళ్లతోను దీనిని ఆడిరి, ఖర్చు శూన్యము. ఈ ఆటలకు దుకాణమునుండి కొనవలసిన వస్తు వేదియు లేకుండుటయే వాని వ్యాప్తికి మొదటి కారణము. వ్రాసిన నియమావళి లేకుండుట రెండవ కారణము. వినికిడివల్లనే ఊరినుండి ఊరికి ప్రయాణము చేయుచు, పోయినచోట కొంచెము మాఱి, కోడలితో పుట్టింటి ఆట అత్తవారింటికి, కూలివానితో మెట్టప్రాంతపు ఆట డెల్టాకు చేరినవి.

కోడలిని తలచినప్పుడు స్త్రీల ఆటలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. వీధియరుగు పురుషులదైనప్పుడు లోపలి వసారాయు పెరటి అరుగును ఆడువారివి. పోతన రుక్మిణీదేవి బాల్యమును వర్ణించునప్పుడు బొమ్మల పెండ్లిండ్లను, గుజ్జనగూళ్లను మఱవలేదు. అచ్చనగండ్లలో అయిదురాళ్లను ఎగురవేసి పట్టుటకు వ్రేళ్లకు కావలసిన లాఘవము, ఓమనగుంటలలో గింజలు పంచునప్పుడు మనసుకు కావలసిన లెక్క, ఈ రెండును బడికి పంపబడని బాలికలకు ఆటరూపమున అబ్బిన విద్యలు. వామనగుంటలని మనము పిలుచు ఆ పీటకు రెండువరుసలలో ఏడేసి గుంటలు, మొత్తము 14. ప్రతిగుంటలోను సమానముగా చింతపిక్కలో, గురువిందలో, గవ్వలో పోసి, ఒక గుంట తీసి వరుసగా ఒక్కొక్కటి పంచుచు పోవుదురు. ఖాళీగుంట ఎదురైనచో దాని ఆవలిగుంటలోని గింజలు ఆడువారివి. ఎన్ని గింజలున్న గుంట తీసిన ఎచ్చట ఆగుదునో చేయి పెట్టకమునుపే లెక్కింపగలిగినదే గెలుచును. తమిళులు దీనిని పల్లాంగుళి యనియు, కన్నడిగులు చెన్నెమణె యనియు ఆడుకొనుచున్నారు. మలయా దీవులలోను, ఆఫ్రికాఖండమునను దీని బంధువులైన గుంటలాటలు ప్రసిద్ధములు. అత్తింటి లోగిలిని దాటని తెలుగుగృహిణి సముద్రముల కావలి స్త్రీలు ఆడు ఆటనే తానును ఆడుచుండెనన్నమాట.

అష్టాచెమ్మ ఆబాలగోపాలమునకును ప్రియమైనది. అయిదింటి నయిదుగా 25 గడులు సుద్దముక్కతో గీసి, నాలుగుప్రక్కల నడిమిగడులలోను నట్టనడిమిగడిలోను అడ్డగీతలు కొట్టుదురు. నలుగురు నాలుగువైపుల కూర్చుండి తలకు నాలుగుకాయలు పెట్టుకొందురు. గాజుపెంకులు, చింతపిక్కలు, కందిగింజలు, పుల్లముక్కలు, ఏదైనను కాయయే. నాలుగుగవ్వలును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోర్లపడిన అష్ట. ఎదుటివారి కాయను ఒక్కదానినైన చంపనిది లోపలి గడులలో ప్రవేశము లేదు. లోపలివరుసకు వచ్చిన కాయ నడిమిగడి చేరినప్పుడు పండినది. చంపుటయు పండుటయు, మరల పుట్టుటయు ఒక మధ్యాహ్నములో ఎన్నిసార్లో! తాతయు మనుమరాలును ఒకే పటముచుట్టు కూర్చుండగల ఆట యిది. గవ్వ వయస్సును చూచి పడదు.

ఏకాదశులకును శివరాత్రికిని జాగారము చేయువారికి తోడుగా నిలిచినది వైకుంఠపాళి. పరమపదసోపానపటమను పేర అచ్చైన ఆ కాగితముపై నిచ్చెనలు భక్తిజ్ఞానవైరాగ్యములవి, పాములు పురాణములలోని రాక్షసులవి. వైకుంఠపు గుమ్మమునకు దాపున నోరుతెఱచుకొనియున్న పెద్దపాము మ్రింగినచో అడుగువరుసకు జారవలసినదే. పండ్రెండవగంట కొట్టిన పిమ్మట కునికిపాట్లు పడుచున్న పిల్లలను మేలుకొలిపి కూర్చుండబెట్టగల శక్తి పురాణపఠనముకన్న ఆ పెద్దపామునకే యెక్కువగా నుండెను. భారతదేశమున జైనులును వైష్ణవులును మోక్షమార్గమును బోధించుటకు వాడుకొనిన ఈ పటము, పందొమ్మిదవ శతాబ్దపు తుదిలో ఇంగ్లండు చేరి, అచ్చటి పిల్లల ఆటగా అచ్చై, తన వైకుంఠమును పోగొట్టుకొని మరల మన బజారులకే వచ్చినది. ఫతేపూరుసిక్రీ ప్రాంగణమున అక్బరు రాతిలో పటము పఱపించి ఆడించిన పచ్చీసు గతియు నిట్టిదే. అది లూడోయను పేరు ధరించి, గవ్వలను విడిచి, ఘనపాచికతో తిరిగివచ్చెను.

గంజీఫాలు చేతిపనివారి ఆట. పారసీకము వైపునుండి వచ్చిన ఈ గుండ్రని ఆటముక్కలను 1527లో బాబరు సింధునకు కానుకగా పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. మొగలాయి ఆటలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. హిందూశిల్పులు వానిని దశావతారములుగా మార్చి పదిరంగులు, 120 ముక్కలు చేసిరి. పగటివేళ రాముడున్నవాడును, రాత్రివేళ కృష్ణుడున్నవాడును ఆట మొదలిడవలెనను నియమములో ఎంతటి భావనాసౌందర్యము కలదో గమనింపుడు. మన దేశమున కర్నూలుసీమలోని నొస్సమునందును, తెలంగాణములోని నిర్మలలోను చిత్రకారులు ఈ ముక్కలను వ్రాసి లక్కతో మెఱుగు పెట్టెడివారు. అచ్చుకాగితపు విదేశీపేకలు కారుచౌకగా దిగిన పిమ్మట ఆ కుంచెలకు గిరాకి పోయెను. ఆటను పోగొట్టుకొనుటతో ఒక శిల్పమును కూడ పోగొట్టుకొంటిమి.

ఇక ఈ ఆటలు క్షీణించుటకు కారణములను విచారింతము. పాశ్చాత్యవినోదములు వచ్చుటచేతనే మనవి నశించెనని చెప్పుట సులభము; అది సగమే నిజము. మొదటి కారణము కాలములో వచ్చిన మార్పు. కోతలు నూర్పిళ్లు ముగిసి ఏరువాక సాగువఱకు రైతునకు దొరకెడి దీర్ఘమైన తీరిక, గడియారము ననుసరించి కచేరికిని కర్మాగారమునకును పోవువానికి లేదు. రెండవ కారణము ఇంటి రూపములో వచ్చిన మార్పు. పట్టణములలో స్థలము ప్రియమై అరుగు దుకాణముగా మాఱెను. పిమ్మట ప్రహరిగోడయు ఇనుపగేటును వీధికిని ఇంటికిని నడుమ నిలిచెను. మూడవది పందెము. పట్టణపు క్లబ్బులలో పేకాట రుసుము చెల్లించిన సభ్యులకు పరిమితమై, డబ్బు చుట్టు తిరుగసాగెను. సికింద్రాబాదులోని ఒక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యములో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానముగా నైపుణ్యమునుబట్టి సాగు ఆటయని తీర్పు చెప్పుచు, ఆ ఆటనుండి లాభము గుంజు క్లబ్బుల విషయము వేఱని హెచ్చరించినది. న్యాయస్థానము గీసిన ఆ గీత మన పల్లెలవారు ఏనాడో ఎఱిగినదే: గవ్వలకై ఆడిన ఆట రేపటికిని నిలుచును, ధనమునకై ఆడిన ఆట ఇల్లు గుల్లచేయును.

రేడియో వచ్చినప్పుడు మాత్రము అరుగు చావలేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము మాట్లాడ మొదలిడిన తరువాత పంచాయతీ కార్యాలయపు రేడియో ముందర పల్లె యంతయు చేరి విని, విన్నదానిని చర్చించి, నవ్వి, వాదించి ఇండ్లకు పోయెడిది. 1975 ఆగష్టునుండి ఒక సంవత్సరము ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రములలో 2400 గ్రామములకు టెలివిజనును చూపించిన ప్రయోగములో మన రాష్ట్రమందలి పల్లెలును చేరియున్నవి. అప్పుడును పెట్టె ఒకటే, చూచువారు ఊరంతయు. ఏ యంత్రమైనను నలుగురి నడుమ నున్నంతవఱకు అది అరుగు పనినే చేసినది. ఇంటికొక పెట్టె, పిమ్మట గదికొక పెట్టె, తుదకు చేతికొక తెర వచ్చినప్పుడే ప్రక్కనున్నవాని కేక వినబడుట మానినది.

నిరాశపడుటకు నేను ఈ వ్యాసమును వ్రాయుట లేదు. గుంటూరు బిడ్డ పెంటేల హరికృష్ణ 2001లోను, గుడివాడ బిడ్డ కోనేరు హంపి 2002లోను చదరంగమున గ్రాండుమాస్టరులై ప్రపంచమునకు తెలుగువారి ఎత్తుగడలను చూపిరి. ఓరుగల్లునుండి ఎరిగైసి అర్జునుడు వారి వెనుక నడిచి వచ్చెను. క్రీడాభిరామపు నగరము ఇంకను క్రీడలను మఱవలేదు. పొరుగున మైసూరును పాలించిన మూడవ కృష్ణరాజ ఒడయరు తన ‘శ్రీతత్త్వనిధి’లో ఒక నిధిని ఆటలకే కేటాయించి వానిని గ్రంథస్థము చేయించెను. మనకు అట్టి రాజు లేకపోయినను సురవరమువంటి పరిశోధకుడుండెను. ఆయన ఆరంభించిన పనిని సాగింపవలసిన బాధ్యత మనది.

ఆ పనికి విశ్వవిద్యాలయము కావలసినది లేదు. ప్రతియూరిలోను డెబ్బదియేండ్లు దాటిన అవ్వలున్నారు. గవ్వ లెన్ని పడిన నేమందురో, ఏ గుంటలోనుండి మొదలిడుదురో, పులి ఎక్కడినుండి దిగునో వారికి తెలియును. వారినడిగి వ్రాసికొనుడు, ఒక్క ఊరి నియమమునకును ప్రక్కయూరి నియమమునకును గల భేదమునుకూడ వ్రాసికొనుడు. పాతయిండ్లను పడగొట్టునప్పుడు చెక్కుడు గీతలున్న నాపరాళ్లను గోడలలో పాతివేయక, గ్రంథాలయము ముందరనో బడి ఆవరణలోనో పఱపింపుడు. అన్నింటికన్న మించి, వేసవి సెలవులు రాగానే మీ గుమ్మము ముందర ముగ్గుపిండితో పులిజూదపు పటమును వేసి, మూడు రాళ్లను, పదునైదు చింతపిక్కలను పెట్టి, ప్రక్కయింటివారిని పిలువుడు. పందెము పెట్టకుడు, తలుపు వేయకుడు, చుట్టు నిలిచి సలహా చెప్పువారిని వారింపకుడు. తెలుగువారి ఆట బ్రదుకుటకు ఇంతకన్న వేఱు ధర్మము అక్కఱలేదు.